సిమెంటు దిమ్మెలకు ప్రమోషన్ ఇప్పించండి

మెక్సికో ప్రభుత్వం వారి దివ్యసముఖానికి,

అయ్యా, నిషేధాలు విధించడంలో తమకు సాటి లేరు. తొతోవాబా చేపను పట్టరాదని 1975లోనే ఆజ్ఞాపించారు. డాల్ఫిన్లకు దగ్గరి చుట్టాలైన వాకిటాల కోసం 2005లో రక్షిత ప్రాంతం ప్రకటించారు. 2015లో గిల్‌నెట్ వలల్ని రెండేళ్లు ఆపించి, జాలర్లకు పరిహారమిచ్చారు. 2017లో శాశ్వతంగా నిషేధించారు. ఫైలు ఏటికేడు లావెక్కింది. 1997లో సుమారు 567 ఉన్న వాకిటాలు మాత్రం 2024 సర్వేలో ఆరో, ఎనిమిదో కనిపించాయి.

కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తర కొసన తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని జీవి అది. అయిదడుగుల పొడవు, కళ్లచుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయాలు. అది చేసిన నేరమల్లా తొతోవాబాకు ఈడైన ఒళ్లు పెంచుకోవడం. ఆ చేప తల ఇరుక్కునే వలకన్నులోనే దీని తలా ఇరుక్కుంటుంది. ఊపిరి కోసం పైకి రావాలి, రాలేదు, అక్కడికక్కడే ప్రాణం పోతుంది. జాలరికి దానితో పనే లేదు. అతనికి కావలసింది తొతోవాబా పొట్టలోని గాలితిత్తి. ఎండిన ఆ తిత్తి దొంగదారిన చైనా చేరితే, అంతర్వేది రేవులో కచ్చిడి చేప పలికే లక్షలు కూడా దాని ముందు చిన్నబోతాయి.

2021లో తమరు ఇంకో అడుగు వేశారు. నిషిద్ధ ప్రాంతంలోకి ఎన్ని పడవలు చొరబడితే దాన్నిబట్టి సిబ్బందిని పంపుతామన్నారు. ఒకటీ అరా పడవలొస్తే వాకిటాలే సర్దుకుపోవాలి కాబోలు!

ఇన్నేళ్లలో గట్టిగా పనిచేసినవి 2022లో మీ నౌకాదళం సముద్రంలో దించిన 193 సిమెంటు దిమ్మెలు. వాటి కొక్కేలకు వల తగులుకుంటే ఇక ఊడిరాదు. వల పోతుందన్న భయంతో ఆ చుట్టుపక్కల వేట బాగా తగ్గింది. దిమ్మెకు సెలవుల్లేవు, మొహమాటాల్లేవు, పడవల్ని లెక్కపెట్టే అలవాటూ లేదు. కనుక వాటికి తక్షణం ప్రమోషన్ ఇప్పించ ప్రార్థన.

అయితే దిమ్మె వలను ఆపగలదు, జాలరి ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. రొయ్యల వేటకు గిల్‌నెట్ల బదులు వాకిటా చిక్కని తేలికపాటి ట్రాల్ వలల్ని మీ నిపుణులే పరీక్షించారు. వాటితో రొయ్య తక్కువ పడుతుంది, పడవ డీజిలు ఎక్కువ తాగుతుంది. ఆ తేడాను ఖజానా భరించాలి. ఆ రొయ్యకు నాలుగు డబ్బులు ఎక్కువిచ్చే కొనుగోలుదారును చూపించాలి. అంతవరకు ఆ తీరంలోని శాన్ ఫెలిపే జాలరి మీ నిషేధాన్ని పగలు చదువుతాడు, రాత్రి వలేస్తాడు.

ఇట్లు,
జీవోల మీద భక్తి ఇంకా చావని ఒక పాఠకుడు

తా.క.: ఈ లేఖ మీద ఎలాగూ కమిటీ వేస్తారు. అందులో ఒక కుర్చీ జాలరికి వేయండి.