దోసెకు పరువు నష్టం

మన దగ్గర పరువు ఎవరెవరికి ఉందో 2021 నవంబరులో లెక్క తేలింది. ఆర్టీసీకి ఉంది. సినిమా హీరోకి ఉంది. హీరో అభిమానులకు హీరో కంటే నాలుగు కిలోలు ఎక్కువే ఉంది. బైక్ ట్యాక్సీ నడిపే యాప్ కంపెనీకి కోర్టుకెళ్ళి వాదించుకునేంత ఉంది. మసాలా దోసెకు మాత్రం చారెడు కూడా లేదు. గొడవంతా దాని పేరు మీదే నడిచినా, దాని తరఫున వకాల్తా వేసిన మనిషి లేడు.

మరిచిపోయినవాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. ర్యాపిడో వాళ్ళు అల్లు అర్జున్‌ని పెట్టి ఒక ప్రకటన తీశారు. అందులో ఆయన దోసెలు పోసే ఆసామి. ఆర్టీసీ బస్సు మామూలు దోసెలాగా ఆలస్యమనీ, ఎక్కినవాళ్ళు జనంలో నలిగి మసాలా దోసె అయిపోతారనీ, తమ బైకు ఎక్కితే చిటికెలో చేరిపోవచ్చనీ దాని సారం. అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ నవంబరు 9న హీరోకీ కంపెనీకీ కలిపి లీగల్ నోటీసు పంపారు. సంస్థను కించపరిస్తే ప్రయాణికులు, అభిమానులు, రిటైరైన ఉద్యోగులు ఎవ్వరూ సహించరన్నారు. నటులైనవాళ్ళు ప్రజా రవాణాను ప్రోత్సహించాలి గానీ ఇదేం పని అన్నారు. ఆయన అంతకు కొద్ది నెలల ముందుదాకా సైబరాబాద్ పోలీసు కమిషనర్. కొత్త కుర్చీలోకి వచ్చిన మొదట్లోనే మామూలు ప్రయాణికుడిలా లక్డీకాపూల్ నుంచి ఎంజీబీఎస్ దాకా సిటీ బస్సులో వెళ్ళి చూసినవారు. కనుక నలగడం గురించి ఆయనకు తెలియదని ఎవరూ అనలేరు.

కంపెనీ ప్రకటనను కాస్త మార్చింది. మార్చిందీ ఆర్టీసీకి నచ్చలేదు. డిసెంబరులో కోర్టు దాన్ని ఆపమంది, యూట్యూబ్ నుంచి తీసేయమంది. అదే నెల 17న ‘పుష్ప’ విడుదలైంది. జనం దోసెను వదిలేసి ఎర్రచందనం మీద పడ్డారు.

ఇందులో ఒక ఇంటి గుట్టు కూడా ఉంది. ర్యాపిడో 2015లో బెంగళూరులో పుట్టినా, స్థాపించిన ముగ్గురిలో అరవింద్ సంక, పవన్ గుంటుపల్లి మనవాళ్ళే. అంటే తెలుగువాళ్ళ కంపెనీ తెలుగు హీరోతో తెలుగులో చెప్పించిన మాటకు తెలుగువాళ్ళ ఆర్టీసీకి కోపం వచ్చింది. వీళ్ళలో స్థానికత మీద అనుమానం ఉన్నది దోసె ఒక్కదానికే. అది ఉడిపి నుంచి వచ్చిందని కొందరంటారు.

ఈ గొడవకు ఆర్టీసీ వాళ్ళ బస్‌భవన్ వేదిక కావడం అన్యాయం. న్యాయంగా అయితే మియాపూర్ చౌరస్తా కావాలి. ఎందుకంటే మియాపూర్ వాడికి హైటెక్ సిటీ కంటికి కనబడుతుంది, కాలికి అందదు. మెట్రో ఉంది. 2017 నవంబరు 28న సాక్షాత్తూ ప్రధాని వచ్చి మియాపూర్‌లోనే ప్రారంభించారు. ఆ మెట్రో ఎక్కి హైటెక్ సిటీ వెళ్ళాలంటే ముందుగా హైటెక్ సిటీకి వీపు తిప్పాలి. కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ దాటి అమీర్‌పేటలో దిగి, మెట్లెక్కి, లైను మారి, యూసుఫ్‌గూడ, పెద్దమ్మగుడి, దుర్గం చెరువు మీదుగా మళ్ళీ పడమటికి రావాలి. కాశీకి పోయి గంగలో మునిగి పక్క వీధికి వచ్చినంత పుణ్యం. హఫీజ్‌పేట పోతే ఎంఎంటీఎస్ దొరుకుతుంది, కానీ అది మన టైముకు రాదు, దాని టైముకు మనం పోవాలి. ఇక బస్సు. 218, 219 పటాన్‌చెరు నుంచి నిండిపోయి వస్తాయి గానీ అవి అసలు హైటెక్ సిటీ వైపు తిరగనే తిరగవు.

దారులు ఇన్ని ఉన్నాయి గానీ ఒక్కటీ మన గుమ్మం దగ్గర మొదలవదు, మన ఆఫీసు గేటు దగ్గర ఆగదు. ఈ చివరా ఆ చివరా మిగిలిపోయిన ముక్కల మీదే బైక్ ట్యాక్సీ బతుకుతోంది. మెట్రో మెట్లు దిగగానే ఫోన్లు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళే ఆ ముక్కల్ని అతికేది. కంపెనీ వాళ్ళకు ‘కెప్టెన్’ అని పేరు పెట్టింది. ఈ దేశంలో జీతం ఇవ్వలేనివాళ్ళు హోదా ఇస్తారు.

ప్రకటన వచ్చినప్పుడు మియాపూర్‌లోని ఒక చాయ్ దుకాణం దగ్గర వెలువడిన ప్రజాభిప్రాయాన్ని చరిత్ర కోసం నమోదు చేస్తున్నాను.

రిటైరైన కండక్టరు ఒకాయన ముందు మొదలుపెట్టారు. “బస్సు ఖాళీగ పోతే నష్టాలంటరు, నిండుగ పోతే దోసెలంటరు. మేం ఎట్ల నడపాలె చెప్పు?” దీనికి జవాబు చెప్పగలిగినవాడు ఆ దుకాణంలో లేడు. 2019లో కార్మికులు యాభై రెండు రోజులు సమ్మె చేసిన సంస్థ అది. అప్పుడు ఎవరూ వాళ్ళను దోసెతో పోల్చలేదు. అసలు దేనితోనూ పోల్చలేదు, పట్టించుకుంటే కదా!

అభిమాని సంఘం కుర్రాడు వేరే లైనులో వచ్చాడు. “అది క్యారెక్టర్ అంకుల్. దోసె వేసేటోడు అన్నడు, అన్న అనలే.” ఎంత గొప్ప వాదనో చూడండి. వచ్చిన పేరు హీరోది, వచ్చిన తిట్లు పాత్రవి. సినిమాలో ఈ సౌకర్యం ఎప్పట్నుంచో ఉంది. ప్రకటనల్లోకి ఇప్పుడిప్పుడే వస్తోంది.

మెడలో ట్యాగు వేసుకున్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోనులోంచి తలెత్తకుండానే, “రెండు వైపులా ఫ్రీ పబ్లిసిటీ అండీ” అన్నాడు. నిజమే. ప్రకటన చూడని వాళ్ళు కూడా నోటీసు వార్త చదివి వెతుక్కుని మరీ చూశారు. నోటీసుకు స్టాంపు ఖర్చు ఆర్టీసీది, ప్రచారం ర్యాపిడోది. ఆ రోజుల్లోనే ఆర్టీసీ కూడా ట్విట్టర్‌లో సినిమా మీమ్స్ వేసుకుంటూ బస్సెక్కండి బాబూ అని బతిమాలుతోంది. అంటే సినిమా వాళ్ళ మొహం పెట్టి సరుకు అమ్ముకోవడం తప్పని ఆర్టీసీ ఏనాడూ అనలేదు. వేరేవాళ్ళ సరుకు అమ్మినప్పుడే నొచ్చుకుంది.

ఆ పక్కనే బండి మీద పెనం కాలుస్తున్న టిఫిన్ సెంటర్ ఆయన ఆఖరున నోరు విప్పాడు. “నా దోసె లేటని ఎవడన్నడు? రెండు నిమిషాలు. బస్సొచ్చేలోపు తిని చేయి కడుక్కోవచ్చు.” మొత్తం వ్యవహారంలో కొలతకు నిలిచే మాట ఇదొక్కటే. దీన్ని ఏ కోర్టులోనూ ఎవరూ దాఖలు చేయలేదు.

ఒకటి గమనించారా? ఇంత రభసలోనూ బస్సులో జనం నలగరు అని వాదించిన మనిషి నాకు తారసపడలేదు. నలుగుతారని అందరికీ తెలుసు. దాన్ని హీరో చెప్పడమే నేరం. రోజూ ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పోయేవాడు ఆర్టీసీని తిడితే ఎవరూ నోటీసు ఇవ్వరు. తిట్టే హక్కు అతను టికెట్టు పెట్టి కొనుక్కున్నాడు. టికెట్టు కొననివాడు, పైగా పారితోషికం పుచ్చుకున్నవాడు తిట్టేసరికి మనసు గాయపడింది.

మన మనసులు గాయపడే తీరు మీద పరిశోధన జరగవలసి ఉంది. 2022 ఫిబ్రవరిలో అదే హీరోతో జొమాటో ఇంకో ప్రకటన తీసింది. హీరో కొడితే గాల్లోకి లేచిన నటుడు సుబ్బరాజు స్లో మోషన్‌లో తేలుతూ, కాస్త త్వరగా కింద పడేయమని వేడుకుంటాడు. నేల మీద పడేలోపు హోటళ్ళు మూసేస్తారని, గోంగూర మటన్ దొరకదని అతని బెంగ. నాకైతే నవ్వొచ్చింది. చాలామందికి దక్షిణాది సినిమాకు అవమానం జరిగినట్టు అనిపించింది. స్లో మోషన్ ఫైట్ మీద ముప్ఫయ్యేళ్ళుగా మనమే వేసుకుంటున్న జోకును గురుగ్రామ్ కంపెనీ వేసేసరికి ఆత్మగౌరవం నిద్ర లేచింది. అంతకు ముందు ఏడాది క్రెడ్ కంపెనీ రాహుల్ ద్రావిడ్‌ని కారులోంచి పైకి లేపి, ఇందిరానగర్ గూండానని అరిపించింది. బెంగళూరులో ఎవరూ అలగలేదు. ఇందిరానగర్ వాళ్ళు మా పేట పేరు దేశమంతా మోగిందని మురిసిపోయారు. మియాపూర్ పేరు పెట్టి ఏ హీరో చేతనైనా అలా అరిపించి చూడండి. సాయంత్రానికి మూడు కాలనీల సంక్షేమ సంఘాలు ఖండన ప్రకటనలు ఇస్తాయి. నాలుగోది తమ కాలనీ పేరు ఎందుకు చెప్పలేదని ఖండిస్తుంది.

కానీ మియాపూర్ పేరు దేశమంతా మోగనే మోగింది. ప్రకటనల వల్లే మోగింది. 2025 మార్చిలో, ఒక పౌరుడి ఫిర్యాదు మీద, బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ పాతిక మంది సెలబ్రిటీల మీద మియాపూర్ పోలీసులు కేసు పెట్టారు. అందులో సినిమా నటులున్నారు, సోషల్ మీడియా తారలున్నారు. తాము చేసింది నైపుణ్యంతో ఆడే ఆటలకనీ, చట్టం అనుమతించిన చోట్లకేననీ, ఎప్పుడో మానేశామనీ పలువురు వివరణ ఇచ్చారు. ఎవరిది తప్పో తేల్చడం కోర్టుల పని, కాలమ్ రాసేవాడిది కాదు. నేను చూసేది క్యాలెండర్ ఒక్కటే.

తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2017లోనే నిషేధించారు. ఆ తర్వాత కూడా యాప్‌ల ప్రకటనలు ఫోన్లలో ఆగలేదు. మెట్రో రైళ్ళ ఒంటి మీదికి కూడా ఎక్కాయి. వాటిని తీసేయమని మెట్రో అధికారులు ఆదేశించింది 2025 మార్చిలోనే. అప్పటిదాకా ఆ బొమ్మల పక్కనే మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా లక్షల మంది వేలాడుతూ ప్రయాణించారు. అప్పు చేసి ఆడినవాళ్ళు, ఇల్లు అమ్మినవాళ్ళు, ప్రాణం తీసుకున్నవాళ్ళు కూడా ఆ రైళ్ళలోనే వెళ్ళి ఉంటారు. ఎవరి మనసూ గాయపడలేదు. మసాలా దోసెకు కొద్ది రోజుల్లోనే నోటీసు వెళ్ళింది, పేకాటకు ఎనిమిదేళ్ళు పట్టింది. దోసె అన్నది జోకు కాబట్టి మనకు వెంటనే అర్థమైంది. రెండోది సీరియస్‌గా చెప్పారు కాబట్టి నమ్మేశాం.

సజ్జనార్‌కు ఇక్కడ ఒక మార్కు వేయాలి. బెట్టింగ్ యాప్‌ల మీద ఆర్టీసీ ఎండీగా ఉంటూనే గొంతు చించుకున్నది ఆయనే. డ్రైవర్లూ డిపోలూ చూసుకోవలసిన మనిషి ఆ పని కూడా చేశాడంటే, అది చూసుకోవలసినవాళ్ళు ఏం చూస్తున్నారో నాకు తెలియదు. బహుశా ప్రకటనలు చూస్తూ ఉంటారు.

చట్టాలు లేక కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అబద్ధపు ప్రకటనలో నటించినవారికి పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు, ఏడాది పాటు ఏ ప్రకటనలోనూ కనబడకుండా ఆపొచ్చు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల్లో, నటించే ముందు ఆ సరుకు గురించి తగినంత విచారించుకోవాలని కూడా రాశారు. ఈ లెక్కన బైక్ ట్యాక్సీ ప్రకటన చేసే హీరో ఒకసారి వర్షంలో మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా వెనక సీటు మీద కూర్చుని, లోపల ఎవరి తల వాసన ఉందో తెలియని హెల్మెట్ పెట్టుకుని వెళ్ళి చూడాలి. వెళ్ళొస్తే, దోసె గురించి ఇంకొంచెం మర్యాదగా మాట్లాడతాడని నా నమ్మకం.

ఇంతకీ చిటికెలో చేరుస్తామన్న మాట ఏమైంది? 2025 ఆగస్టులో, పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బాటల్ని దేశమంతా నిషేధిస్తూ చట్టం చేసిన ఆ వారంలోనే, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ర్యాపిడోకు పది లక్షలు జరిమానా వేసింది. ఐదు నిమిషాల్లో ఆటో రాకపోతే యాభై రూపాయలు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. దాదాపు 548 రోజుల పాటు, 120కి పైగా ఊళ్ళలో ఆ ప్రకటన నడిచింది. విచారిస్తే తేలిందేమిటంటే, ఇచ్చేది యాభై రూపాయలు కాదు, యాభై దాకా ‘కాయిన్లు’. వాటితో ఆటో ఎక్కడానికి లేదు, బైకే ఎక్కాలి. అదీ ఏడు రోజుల్లోపు. ఆటో రాలేదని బాధపడుతున్నవాడికి బైకు ఎక్కే భాగ్యం కలిగిస్తారన్నమాట. ఆ సంగతి కంటికి ఆనని సన్నటి అక్షరాల్లో రాశారు. ఈసారి దోసె లేదు, హీరో డైలాగు లేదు, కాబట్టి చాయ్ దుకాణం దగ్గర దీని గురించి ఒక్కడూ మాట్లాడలేదు.

అందుకే యాప్ కంపెనీలకు నాదొక మనవి. ఆ సన్నటి అక్షరాల్ని కూడా స్టార్లకే అప్పగించండి. కోట్లు పోసి పెట్టుకున్న హీరోని ‘త్వరగా’, ‘చవగ్గా’ అనే రెండు మాటలకు వాడుకుని వదిలేయడం దుబారా. సుబ్బరాజుని మళ్ళీ పిలిపించండి. హీరో కొట్టాలి, సుబ్బరాజు గాల్లోకి లేవాలి, తేలుతూ తేలుతూ షరతులు చదవాలి. కాయిన్లు ఏడు రోజులే, ఆటోకు చెల్లవు, ఐదు నిమిషాలంటే సుమారుగా ఐదు నిమిషాలు, వర్షమొస్తే లెక్క వేరు. అన్నీ పూర్తిగా చదివితే గానీ నేల మీద పడనివ్వకండి. గోంగూర మటన్ ఆ రోజుకి దొరకదు పాపం, మర్నాటికి దొరుకుతుందేమో కూడా చెప్పలేను.