గడప దాటితే మనది కాదు

మదురైకి 40 మందిలో 40వ ర్యాంకు వచ్చింది. 2025 జూలైలో కేంద్రం ప్రకటించిన స్వచ్ఛ సర్వేక్షణ్ ఫలితాల్లో, జనాభా పది లక్షలు దాటిన 40 నగరాల వరసలో మీనాక్షమ్మ పట్నం అట్టడుగున కూర్చుంది. చెన్నై 38లో ఉంది కాబట్టి పరువు మరీ ఒంటరిగా పోలేదు.

ఆ వార్త వచ్చినప్పటి నుంచి ఊళ్లోని పాత తెలుగు ఇళ్లలో ఒకటే మాట. పాడు చేసింది మనం కాదు. ఉత్తరాది కూలీలు చేశారు, పల్లెల నుంచి బజారుకొచ్చేవాళ్లు చేశారు, గుడికొచ్చే యాత్రికులు చేశారు. కార్పొరేషన్ సంగతి సరేసరి. మనమా? మనం నాయకరాజుల కాలంలో వచ్చినవాళ్లం. తెల్లారేసరికి మన గుమ్మం ముందు కళ్లాపి, ముగ్గు. "మా వీదిలో ఒక కాగితం ముక్క చూపించండి చూస్తాము" అని ఒక పెద్దాయన నాతో పందెం కాశారు. చూపించక్కర్లేదు మామా. అది పక్క వీధిలో ఉంది. మీరే వేశారు.

వాళ్ల వాదనలో నాకు పనికొచ్చిన మాట ఒక్కటే, నాయకరాజుల పేరు. వాళ్లే తీశారు కాబట్టి ఆ లెక్క కూడా చూసేద్దాం.

తిరుమల నాయకుడు మహలు కట్టడానికి ఇటుకలు కావలసి ఊరి తూర్పున మట్టి తవ్వించాడట. పని అయ్యాక గోతిని గోతిగా వదిలెయ్యలేదు. చుట్టూ రాతి మెట్లు, నడుమ మండపం కట్టించి 1645లో దాన్ని వండియూర్ తెప్పకుళం చేశాడు. ఆ తవ్వకంలో దొరికిన వినాయకుడే మీనాక్షి గుడిలోని ముక్కురుణి పిళ్లయార్ అని ఊరంతా చెప్పుకుంటుంది. గోతిని చెరువు చేసినవాడు ఆయన. చెరువును గొయ్యి చేసి, ఆ గోతిని నింపి, నింపిన చోట ప్లాట్లు కోసేవాళ్లం మనం. విద్య మరిచిపోలేదు, తిరగేసి చదువుతున్నాం అంతే.

ఆయన మనవడు చొక్కనాథుడి పేరెత్తితే చరిత్ర రాసేవాళ్లకు ఒళ్లు మండుతుంది. రాజధానిని తిరుచ్చికి మార్చి, తాత కట్టిన మహలును చాలామటుకు ఊడదీయించాడని కోపం. ఇవాళ టికెట్టు కొని చూసే మహలు అప్పటి దాంట్లో పావు వంతే అంటారు. అయినా ఒక్క విషయంలో నేను చొక్కనాథుడి పక్షం. తాత ఇల్లు కూల్చాక రాళ్లూ స్తంభాలూ తిరుచ్చి దాకా మోయించుకుపోయాడు. మనం తాతగారి పెంకుటిల్లు పడగొట్టి మూడంతస్తులు లేపేటప్పుడు ఆ గోడలన్నీ అర్ధరాత్రి ట్రాక్టరెక్కి కిరుదుమాల్ గట్టున దిగుతాయి. ఎవరిదని అడిగితే కాంట్రాక్టరుది. కాంట్రాక్టరును అడిగితే డ్రైవరుది. డ్రైవరును అడగడానికి ఇంతవరకు ఎవరికీ తీరిక చిక్కలేదు.

కిరుదుమాల్ అంటే మురుగుకాలువ కదా అనుకునే కుర్రాళ్లకు ఒక మాట చెప్పాలి. భాగవతంలో సత్యవ్రతుడు తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి చేపపిల్ల వచ్చిన కృతమాల ఇదేనని ఇక్కడి పెద్దలు చెబుతారు. ఆ చేపను కమండలంలో వేస్తే కమండలం నిండింది, గంగాళంలో వేస్తే గంగాళం నిండింది, చెరువులో వదిలితే చెరువూ చాల్లేదు. ఇవాళ అక్కడ దోసిలి పట్టి చూడండి. మత్స్యావతారం రాదు గానీ పాల ప్యాకెట్టు తప్పకుండా వస్తుంది. మహిమ మాత్రం అదే. తొట్టిలో వేస్తే తొట్టి చాలదు, ఖాళీ స్థలంలో వేస్తే స్థలం చాలదు, నదిలో వేస్తే నదీ చాలదు.

ఆ నాయకరాజుల ఇంటి రాణి మంగమ్మ బాటలు వేయించి, పక్కన చెట్లు నాటించిందని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ పుణ్యం ఊరికే పోలేదు. చెట్టన్నాక కొమ్మ ఉంటుంది, కొమ్మకు కవరు తగిలించవచ్చు. నేల మీద పెడితే కుక్కలు చింపుతాయని వేలాడదీసి పోతారు. అంత శుభ్రత.

మదురైని ఇంతసేపు అన్నాను కాబట్టి కోయంబత్తూరు వాళ్లు మీసం మీద చెయ్యి వేసుకునేలోపల అటు పోదాం. పీలమేడు, సింగానల్లూరు, గణపతి. నల్లరేగడిలో పత్తి పండించి, ఆ పత్తితో మిల్లులు పెట్టి, మిల్లుల లాభంతో కాలేజీలు పెట్టిన నాయుళ్ల ఊళ్లు. ఎంత మాట అన్నా ఆ దీక్షను కాదనలేం. మోటార్లు, పంపులు, గ్రైండర్లు ఎక్కడివంటే దేశమంతా ఈ ఊరి వైపు చూస్తుంది. యంత్రం మనసు తెలిసినవాళ్లు కదా, చెత్త విసరడంలోనూ ఆ నైపుణ్యం కనిపిస్తుంది. తెల్లవారుజాము అయిదు. స్కూటరు ముందు, కాళ్ల మధ్య నల్ల సంచి. అనుకున్న చోటికి రాగానే వేగం తగ్గుతుంది, ఆగదు. ఆగితే నేరం, కదులుతుంటే జారిపోయిందనవచ్చు. ఎడమ చెయ్యి ఒక్కసారి కిందికి పోయి వస్తుంది. చూపు ముందుకే. శ్మశానం నుంచి వచ్చేటప్పటి నియమం ఇక్కడ కూడా వర్తిస్తుంది, వెనక్కి తిరిగి చూడకూడదు.

మునుపు మూలమూలనా కుప్పతొట్టి ఉండేది. అది మా ఇంటి ముందు వద్దని ప్రతి ఇంటివాళ్లూ అర్జీ పెట్టారు. తొట్టి కావాలి, ఎదురింటి ముందు. ఆ ఎదురింటివాళ్లకూ ఎదురిల్లు ఉంటుంది కదా. చివరికి నగరపాలికలు తొట్లు తీసేసి, బండి ఇంటికే వస్తుందన్నాయి. వస్తోంది కూడా, కొన్ని వీధుల్లో రోజూ, కొన్ని వీధుల్లో దయ పుట్టినప్పుడు. దానిమీద ఫిర్యాదు న్యాయమే. కానీ రోజూ వచ్చే వీధి సంగతేమిటని అడిగితే ఒక పెద్దమ్మ చెప్పింది: "ఆరున్నరకి వస్తే మేము లేస్తామా? ఎనిమిదికి వస్తే వంటపని వదిలి వస్తామా? ఆ పిల్లోడు పీపీ ఊదుతా నిలబడడు గదా!" తొట్టి పోయింది గానీ తొట్టి ఉండిన చోటు పోలేదు. కార్పొరేషన్ కొట్టేసిన దాన్ని జనం కంఠస్థం చేసుకున్నారు. చూపు లేనివాడైనా సరిగ్గా అక్కడే వేయగలడు.

2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు, ఇంట్లోని ప్రమాదకర చెత్త వేరు చేసి ఇమ్మన్నాయి. "మూడు బుట్టలా? మా వల్ల ఎట్లవుతుంది!" అని గోల. ఎవరండీ ఈ మాట అనేది? ఎంగిలి చెయ్యి ఉప్పుజాడీకి తగలనివ్వని ఇల్లు. పచ్చడి జాడీకి ఒక గరిటె, పెరుగుకు ఒక గరిటె, మడిబట్టకు ఒక దండెం. పనిమనిషికి వేరే గ్లాసు, అది ఏ గూట్లో ఏ మూల ఉండాలో అయిదేళ్ల పిల్లకూ తెలుసు. మనిషిని మనిషి నుంచి ఇన్ని వరసలుగా వేరు చేయగలిగిన ప్రజ్ఞకు అరటితొక్కనూ ప్లాస్టిక్ కవరునూ వేరు చేయడం కష్టమైపోయింది.

చివరికి దేవుణ్ణి కాపలా పెట్టారు. గోడకు వరసగా పలకలు: వినాయకుడు, వేళాంగణ్ణి మాత, మక్కా. సర్వమత సమ్మేళనం ఈ దేశంలో ఎక్కడైనా నిజంగా జరిగిందంటే మూత్రం పోసే గోడ దగ్గరే. మొదటి వారం పని చేస్తుంది. రెండో వారానికి పలకలు ఆగిపోయిన చోటి నుంచి కుప్ప మొదలవుతుంది. వినాయకుడి చూపు ఎంత దూరం ఆనుతుందో మనవాళ్లు అడుగులతో కొలిచి పెట్టుకున్నారు.

ఇంతకీ ఆ సంచిని ఎత్తేదెవరు? ఎవరో ఎత్తుతారన్న ధీమా ఎక్కణ్ణుంచి వచ్చింది?

కోయంబత్తూరులోనైనా మదురైలోనైనా చీపురు పట్టేవాళ్లలో చాలామంది అరుందతియర్లు. వాళ్లలో చాలా ఇళ్లలో మాట తెలుగు. ఒకప్పుడు నాయుళ్ల బావుల్లో మోటకు తోలు బాన కుట్టిచ్చింది వాళ్లే. పొలాలకు మోటార్లు వచ్చాయి, బాన పోయింది, చేతికి చీపురొచ్చింది. మీ స్కూటరు మీంచి జారిన సంచిని విప్పినప్పుడు, లోపలి గాజుపెంకు గుచ్చుకుంటే "అమ్మా" తరువాత వాళ్ల నోటి వెంట వచ్చే తిట్టు మీకు అనువాదం లేకుండానే అర్థమవుతుంది. మాతృభాష గొప్పతనం అదే.

అరుందతియర్లకు షెడ్యూల్డు కులాల కోటాలో 3 శాతం విడిగా ఇస్తూ తమిళనాడు 2009లో చట్టం చేసింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. అసెంబ్లీకి తెలిసింది, సుప్రీంకోర్టుకు తెలిసింది, మన తెలుగు సంఘాల ఆహ్వాన జాబితాకే ఇంకా తెలియలేదు. 2011 జనగణనలో తమిళనాట తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు సుమారు 42 లక్షలు. ఉగాది సభల్లో మైకు దొరికితే ఆ అంకె కోటి దాటుతుంది. ఆ కోటిలో వీళ్లూ ఉన్నారు. లెక్కకు కావాలి, పంక్తికి వద్దు. వాళ్లలో ఎందరో తమను ఆది తమిళులమని చెప్పుకుంటారని మనవాళ్లకు మనస్తాపం. మరేం చెప్పుకోమంటారు?

ఈ మధ్య కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పైవంతెన తెరిచారు. 2025 అక్టోబరులో. ఈ ఊరి యంత్రాల మేధావి జి.డి. నాయుడు గారి పేరు పెట్టారు, ఆయనకు తగినదే. వీధుల పేర్లలోంచి కులం తీసేయమని అదే వారం ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేసరికి, పేరు చివర నాయుడు ఉండాలా వద్దా అని పెద్ద చర్చ. పేరు చివర ఉన్న కులం అందరికీ కనబడింది. చీపురు చివర ఉన్న కులం మీద మాత్రం ఏ చర్చా లేదు, అది పుట్టుకతోనే అక్కడ ఉందన్నట్టు. మదురైకి చెందిన దివ్యభారతి 2017లో 'కక్కూస్' అని డాక్యుమెంటరీ తీసి ఆ సంగతే చూపిస్తే, చూపించినందుకు ఆమె మీద కేసులు పెట్టారు.

మదురై వీరన్ కథ తెలుసు కదా. 1956లో ఎం.జి.ఆర్. సినిమా కూడా వచ్చింది. చక్కిలియర్ ఇంట, అంటే ఈ అరుందతియర్ల ఇంటనే, పెరిగిన వీరుడు. ఊళ్లో దొంగల బెడద పడలేక తిరుమల నాయకుడు పిలిపించాడు, పని అయ్యాక అనుమానపడి కాలూ చెయ్యీ నరికించాడు, ఆ తరువాత గుడి కట్టారు. మీనాక్షి గుడి తూర్పు గోపురం దగ్గర ఇప్పటికీ దండం పెట్టుకుంటారు. చెరువులు తవ్వే సంప్రదాయం పోయింది, చెట్లు నాటే సంప్రదాయం పోయింది, ఈ ఒక్క నాయక సంప్రదాయం మాత్రం చెక్కు చెదరలేదు. కరోనా రోజుల్లో పారిశుద్ధ్య కార్మికుల మెడలో దండలు వేశాం, కాళ్లు కడిగాం. చేతికి తొడుగులు అడిగితే టెండరు పిలవాలన్నాం.

అంతా ఎత్తి ఎక్కడికి తీసుకుపోతారంటే, కోయంబత్తూరు సంచులు వెళ్లలూరుకు పోతాయి. దాదాపు 650 ఎకరాల యార్డు. 2024 ఏప్రిల్‌లో అది అంటుకుని రోజుల తరబడి రగిలింది. చుట్టుపక్కల వాళ్లు తలుపులు బిగించుకున్నా పొగ లోపలికి వచ్చింది. పొగకు గడప తెలియదు. విచిత్రం చూడండి, ఇదే వెళ్లలూరులో 1842లో వందల కొద్దీ రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఆ తరువాత కూడా ఒకటికి రెండుసార్లు దొరికాయి. అగస్టస్ చక్రవర్తి ముఖం ఉన్న నాణెం రెండు వేల ఏళ్లు మట్టిలో ఉండి మెరుస్తూ వచ్చింది. షాంపూ ప్యాకెట్టు మీది సినిమాతార ముఖానికి అంతకంటే ఎక్కువ ఆయుష్షు ఉంది. తమిళనాడులో కొన్ని ప్లాస్టిక్ సరుకులు 2019 జనవరి 1 నుంచి నిషేధం. నిషేధమని తెలుసు కాబట్టే కవరు అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు.

మనకు చెత్త మీద కోపమే రాదనుకోకండి. వస్తుంది, అది సరిహద్దు దాటి వస్తే. 2024 డిసెంబరులో కేరళ ఆసుపత్రుల వ్యర్థాలను తిరునెల్వేలి దగ్గర పల్లెల్లో దింపిపోయారు. రాష్ట్రమంతా భగ్గుమంది, న్యాయంగానే. వాలయారు చెక్‌పోస్టు పక్కనున్న కోయంబత్తూరు మరీ భగ్గుమంది. ఆ కుప్పల్లో దొరికిన కాగితాలను బట్టి ఏ ఆసుపత్రిదో పట్టుకున్నారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎవరి చెత్త వాళ్లే తీసుకుపొమ్మంది. కేరళ అధికారులు లారీలతో వచ్చి ఎత్తుకుపోయారు. టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ తెల్లవారుజామున స్కూటరు తీసినవాళ్లూ ఉన్నారు.

ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. మన వీధి చివరి కుప్పకు కూడా వాడదగినది. తిరునెల్వేలిలో ఆసుపత్రి చీటీలు వెతుక్కోవలసి వచ్చింది, ఇక్కడ ఆ శ్రమ కూడా లేదు. మొన్న ఒక ఖాళీ స్థలంలో, ముందురోజు పెళ్లి విందు తాలూకు అరిటాకుల గుట్ట పక్కన, మిగిలిపోయిన శుభలేఖల కట్ట పడి ఉంది. బంగారు రంగు అక్షరాలు. తాతగారి పేరు, ముత్తాతగారి పేరు, రెండు వైపులా ఇంటిపేర్లు, గోత్రం, విజయనగరం నుంచి వచ్చిన వంశమని రెండు పంక్తులు, కింద ఇంటి నంబరుతో సహా చిరునామా, మూడు ఫోను నంబర్లు. బంధుమిత్ర సపరివారంగా రమ్మని మనవి కూడా ఉంది. లారీ వాళ్లు మొహమాటపడనక్కర్లేదు.