ఇంకా ఛాన్సున్నది

మార్చి, ఏప్రిల్ నెలల్లో కాంటా మామ అందరిలాంటి మనిషే. పొద్దున తర్రీ పోహా తింటాడు, మధ్యాహ్నం కూలర్‌లో నీళ్ళు నింపుతాడు, రాత్రి ఐపీఎల్ మ్యాచ్ సగంలో ఉండగానే ఆవులించి పడుకుంటాడు. మే నెల రావాలి, చంద్రపూర్ ఎండ 46 డిగ్రీలు దాటాలి, పాయింట్ల పట్టికలో హైదరాబాద్ ఏ ఏడో స్థానానికో జారాలి. అప్పుడు చూడాలి ఆయన మొహంలో కళ!

జట్టు గెలుస్తున్నన్నాళ్ళూ ఆయనతో ఎవరికీ పని ఉండదు. అందరూ టీవీ కట్టేసి, ఇక అయిపోయిందనుకుని పడుకున్న రాత్రి తెల్లవారేసరికి, లాల్‌పేట పాన్‌ఠేలా ముందు చెవిమీద పెన్సిల్‌తో ప్రత్యక్షమవుతాడు. ఖర్రా పొట్లం కట్టడానికి పెట్టుకున్న కాగితాల్లోంచి ఒకటి లాక్కుంటాడు. గీతలు గీస్తాడు. తలెత్తి నలుగురినీ చూసి, తీర్పు చెప్పే గొంతుతో అంటాడు: "ఇంకా ఛాన్సున్నది."

లాల్‌పేటలోనే కాదు, చంద్రపూర్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు స్థిరపడ్డ ప్రతిచోటా, బాబుపేటలో, ఘుగ్గుస్‌లో, బల్లార్‌పూర్ క్వార్టర్లలో, ఇలాంటి మామ ఒకరుంటారు. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా ఉండదు. వాళ్ళందరి వ్యాకరణం ఒకటే. అందులో భూతకాలం లేదు. "ఓడిపోయాం" అనే క్రియ వాళ్ళ నోట రాదు; "లెక్క జర మారింది" అంటారు. వర్తమానం కూడా పెద్దగా లేదు. ఉన్నదల్లా "అయితే", "కావాలె", "పడాలె".

"చూడుర బిడ్డా. రేపు పంజాబ్ ఓడాలె. ఎల్లుండి ఢిల్లీ, కోల్‌కతా కొట్టుకుంటయ్, అండ్ల ఎవ్వలు ఓడినా మనకు మంచిదే, కని మరీ ఘోరంగ ఓడొద్దు. ఆదివారం రాజస్థాన్ మ్యాచ్‌కు వాన పడాలె. మనం మూడు గెలవాలె, అండ్ల ఒకటి 40 పరుగుల తేడాతోని. ఖతం. నాలుగో స్థానం మనదే."

"అంతా బాగనే ఉన్నది గని మామా, మనోళ్ళు వరసగ మూడు గెలుస్తరా?"

"గది వాళ్ళ పని. నేను జెప్పేది లెక్క."

ఈ లెక్క ఎక్కడిదో తెలియాలంటే ఆయన ఉద్యోగం తెలియాలి. వర్ధా నది అవతల, రాజురా వైపు బొగ్గు గనుల్లో ఆయన కాంటా బాబు. ఖాళీ లారీ కాంటా ఎక్కితే టేర్. బొగ్గు నింపుకుని ఎక్కితే గ్రాస్. గ్రాస్‌లోంచి టేర్ తీస్తే నెట్. ఏళ్ళ తరబడి ఈ ఒక్క తీసివేతే చేసి రిటైరైనవాడికి, క్రికెట్‌లో నెట్ రన్ రేట్ అనేది ఒకటుందని తెలిస్తే ఏమవుతుంది? మిగతా అభిమానులకు తలనొప్పి తెప్పించే ఆ దశాంశాలు ఆయనకు డ్యూటీ కింద లెక్క. "మనం కొట్టినయి గ్రాస్. మనోళ్ళు ఇచ్చుకున్నయి టేర్. రెండిటినీ ఓవర్లతోని భాగించి తీసెయ్యి. మిగిలిందే మన బొగ్గు." ఇంతకంటే తేటగా టీవీలో కూర్చున్న మాజీ ఆటగాళ్ళెవరూ చెప్పగా నేను వినలేదు. పదిహేను ఓవర్లకే ఆలౌటైనా లెక్కలో పూర్తి 20 ఓవర్లు ఆడినట్టే రాసుకుంటారన్న నిబంధన చాలామందికి అన్యాయంగా తోస్తుంది. మామకు తోచదు. "లారీ సగమే నింపినవని కిరాయి సగమిస్తవా?"

మహారాష్ట్రలో పుట్టి, మరాఠీ బడిలో చదివి, ముంబై జట్టును వదిలి హైదరాబాద్ వెంట ఎందుకు పడ్డావని అడిగితే రాష్ట్రాల పునర్విభజన దగ్గర మొదలుపెడతాడు. 1956 దాకా రాజురా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఆ తర్వాత బొంబాయిలో కలిసింది, చివరికి చాందా జిల్లాకు చేరింది. "గీత వాళ్ళు గీసిన్రు. నన్నడిగి గీసిన్రా?" అని ముగిస్తాడు. జివతి తాలూకాలో పరమ్‌డోలి లాంటి ఊళ్ళను ఇవాళ్టికీ రెండు రాష్ట్రాలూ మావంటే మావంటుంటే, ఒక మనిషి ఒక జట్టును మాదే అనుకోవడంలో తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాదు.

జబ్బు ముదిరింది మాత్రం 2010లో. అప్పటికి సన్‌రైజర్స్ లేదు, డెక్కన్ ఛార్జర్స్ ఉంది. 2008లో పట్టికలో అట్టడుగున పడుకుని, 2009లో దక్షిణాఫ్రికా వెళ్ళి ఏకంగా కప్పే పట్టుకొచ్చిన జట్టు. 2010లో తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉండడంతో వాళ్ళ సొంత మ్యాచులు హైదరాబాద్, విశాఖల నుంచి తరలిపోయి కటక్, నవీ ముంబై, నాగపూర్‌లకు చేరాయి. నాగపూర్ అంటే జామ్‌ఠా స్టేడియం. చంద్రపూర్ నుంచి వరోరా మీదుగా వెళ్తే ఊరి కంటే ముందు స్టేడియమే వస్తుంది. హైదరాబాద్ తమ దగ్గరికి రాలేదని ఇన్నేళ్ళూ బాధపడ్డ లాల్‌పేట తెలుగువాళ్ళకు అది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అద్దె జీపులో పట్టినంతమంది ఎక్కారు. ఏప్రిల్ 5న ప్రత్యర్థి షేన్ వార్న్ నడిపే రాజస్థాన్. మనవాళ్ళు అప్పటికే వరసగా నాలుగు ఓడి ఉన్నారు. అయిదోది రెండంటే రెండు పరుగుల తేడాతో ఓడారు.

తిరుగు ప్రయాణంలో జీపులో ఎవరూ మాట్లాడలేదట. భద్రావతి దాటాక మామ టికెట్ వెనక్కి తిప్పి, పెన్సిల్ తీశాడు. తొమ్మిది ఆడారు, మూడు గెలిచారు, అయిదు మిగిలాయి. అయిదుకి అయిదూ గెలిస్తే పదహారు పాయింట్లు. "ఇంకా ఛాన్సున్నది" అన్నాడు. ఆ మాటకు జీపులోంచి దింపేయాలని తీర్మానించినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, కావాలంటే సాక్ష్యం చెబుతారు.

మూడు రోజులకు డెక్కన్ బెంగళూరులో గెలిచింది. 10న నాగపూర్‌లో చెన్నైని, 12న అక్కడే మళ్ళీ బెంగళూరును ఓడించింది. తర్వాత ధర్మశాలలో పంజాబ్‌ను, 18న ఢిల్లీలో ఢిల్లీని. అయిదుకి అయిదు. కెప్టెన్ గిల్‌క్రిస్ట్ జట్టు రెండో స్థానంలో సెమీఫైనల్‌కు వెళ్ళింది. ఆ పదిరోజులు ఆయన జీవితానికి చేసిన నష్టం ఇంతా అంతా కాదు. లోకంలో జట్లు ఇలాగే చేస్తాయనుకున్నాడు, ఏటా చేస్తాయనుకున్నాడు.

ఆ సెమీఫైనల్ ఏమైంది మామా అని అడిగితే తల గోక్కుంటాడు. చెన్నై చేతిలో 38 పరుగుల తేడాతో ఓడిన సంగతి మనం గుర్తు చేయాలి. ఇది నటన కాదు, నిజంగానే గుర్తుండదు. నాకౌట్‌లో గెలిస్తే ఉంటావు, ఓడితే పోతావు. అందులో తీసివేత ఏముంది? మామ దృష్టిలో ప్లేఆఫ్స్‌కు చేరేదాకానే క్రికెట్. చేరాక అది వట్టి ఆట.

ఈ మనుషులకు శాశ్వత శత్రువులుండరు. 2019 మే 4న సన్‌రైజర్స్ బెంగళూరులో ఓడి, 12 పాయింట్లతో లీగ్ ముగించుకుని కూర్చుంది. మర్నాడు వాంఖడేలో ముంబై గనక కోల్‌కతాను ఓడిస్తే మనం లోపల, లేకపోతే ఇంటికి. పక్కింటి మరాఠీ గురూజీ పుట్టు ముంబై అభిమాని. సీజనంతా ఆయనతో మాటల్లేని మామ, ఆ సాయంత్రం బుందీ లడ్డూల డబ్బాతో వాళ్ళింట్లో తేలాడు. ముంబై జెండా కూడా ఊపాడని గురూజీ మనవడు చెబుతాడు. ఇదేం పని మామా అంటే, "రోహిత్ మనోడే కదరా, 2010ల నాగపూర్‌ల మనకే ఆడిండు" అన్నాడు. నిజమే. రోహిత్ శర్మ ఆ రోజు అర్ధసెంచరీ కొట్టి నాటౌట్‌గా నిలిచాడు, ముంబై తొమ్మిది వికెట్లతో గెలిచింది.

గురూజీతో పాటు అమ్మవారిని కూడా ఇబ్బంది పెట్టాడు. చంద్రపూర్‌లో ఏ మొక్కైనా మహాకాళి మాతకే. మామ మొక్కు మామూలు మొక్కు కాదు, అందులోనూ దశాంశాలుంటాయి. అత్త అడ్డుపడింది. "కోల్‌కతా ఓడాలని కాళికి మొక్కుతవా? ఆ ఊరు గూడ ఆ తల్లిదే గద!" మామ ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత తేరుకుని, అక్కడి గుడి వేరు, ఇక్కడి గుడి వేరు, జోనల్ ఆఫీసులు వేరువేరుగా ఉంటాయని సమాధానపడ్డాడు. హైదరాబాద్, కోల్‌కతా, పంజాబ్ మూడూ 12 పాయింట్ల దగ్గరే ఆగితే, +0.577 రన్ రేట్‌తో మనం లోపలికి వెళ్ళాం. పన్నెండు పాయింట్లతో ప్లేఆఫ్స్‌కు చేరడం ఐపీఎల్‌లో అదే మొదటిసారి. మూడు రోజులకు విశాఖలో, తెలుగు గడ్డమీద, ఇంకొక్క బంతి ఉందనగా ఢిల్లీ మనల్ని బయటికి పంపింది. ఊరంతా అన్నం మానేసింది. మామ నిండా తిని పడుకున్నాడు. ఆయన పని 5వ తేదీతోనే అయిపోయింది.

2020లో అదే కథ ఇంకాస్త ముదురు పాకంలో నడిచింది. పదకొండు మ్యాచులకు నాలుగే గెలుపులు, చివరి మూడూ గెలవాల్సిందే, గెలిచారు. షార్జాలో ముంబైని పది వికెట్లతో చిత్తు చేసి మూడో స్థానం. బయటికి పోయింది మళ్ళీ కోల్‌కతాయే. ఆ ఏడాది అత్త మాట్లాడడం మానేసింది.

అన్నిటికంటే దుర్భరమైన సీజన్ ఏదని అడిగితే మామ 2024 అంటాడు. ఎందుకంటే హైదరాబాద్ బాగా ఆడింది. 250లు దాటే స్కోర్లు కొట్టి, ఆఖరి లీగ్ మ్యాచ్‌కు ముందే అర్హత సంపాదించేసింది. కాగితం తెల్లగా మిగిలిపోయింది. పాన్‌ఠేలా దగ్గర ఆయన్ను చూసి "ఏం మామా, పానం బాగలేదా?" అని అడిగినవాళ్ళున్నారు. చివరికి పరాయి జట్టు ఆదుకుంది. మొదటి ఎనిమిదింట్లో ఒక్కటే గెలిచిన బెంగళూరు, తర్వాత వరసగా అయిదు గెలిచి మే 18న చెన్నైని ఎదుర్కొంది. ఊరికే గెలిస్తే చాలదు, 18 పరుగుల తేడా కావాలి. బెంగళూరు 218 కొట్టింది. అంటే చెన్నైకి గెలుపు గీత 219 దగ్గర, ప్లేఆఫ్స్ గీత 201 దగ్గర. ఒకే మ్యాచ్‌లో రెండు గీతలు! మామ పదేళ్ళు చిన్నవాడైపోయాడు. ఆఖరి ఓవర్లో ప్లేఆఫ్స్ గీత అందుకోవడానికి చెన్నైకి కావలసింది 17. ధోనీ మొదటి బంతిని స్టేడియం బయటికి పంపాడు, రెండో బంతికి అవుటయ్యాడు, 191 దగ్గర కథ ముగిసింది. ఎటూ మనవాళ్ళు కాని రెండు జట్ల కోసం ఆ రాత్రి మామ వీధంతా తిరిగాడు. వారం తర్వాత సొంత జట్టు ఫైనల్లో 113కే కుప్పకూలితే, "పోనీలే" అన్నాడు.

నాకు ఒక్కసారే ఆయన మీద జాలి కలిగింది, 2025 మే 5న. హైదరాబాద్ ఆశలు ఒక్క నూలుపోగు మీద ఉన్నాయి. ఉప్పల్‌లో ఢిల్లీని 133 దగ్గర ఆపేశారు. ఇంకేముంది అనుకుంటుండగా వాన పడింది. చంద్రపూర్‌లో ఒక్క చుక్క కోసం జనం ఆకాశం వంక చూస్తున్న రోజుల్లో, వద్దన్న చోట కుండపోత. మ్యాచ్ రద్దు, చెరో పాయింటు. రద్దయిన మ్యాచ్ రన్ రేట్‌లోకి కూడా రాదు. మామ పెన్సిల్ కాగితం మీద పెట్టి, చాలాసేపు చూసి, ఏమీ రాయకుండా తీశాడు. ఎన్ని "అయితే"లు వేసినా అందని రోజు అది. ఆ నెల 25న ఇదే జట్టు కోల్‌కతా మీద 278 కొట్టి 110 పరుగులతో గెలిస్తే, ఆయన స్పందన ఒక్క ముక్కే: "రేక్ బండి పోయినంక వచ్చింది బొగ్గు."

ఇక్కడితో ఏడాదికి రెండు వారాల బెడదగా సరిపెట్టుకుందామనుకున్న అత్త ఆశ మీద నీళ్ళు చల్లినవాడు డాలస్ దగ్గరుండే మేనల్లుడు. వీడియో కాల్‌లో మామకు బేస్‌బాల్ పరిచయం చేశాడు. అక్కడా ఇదే గోలట. 2023లో వాళ్ళ టెక్సాస్ రేంజర్స్ చివరి రోజున ఓడి, హ్యూస్టన్‌తో సమానంగా 90 గెలుపులున్నా డివిజన్ పోగొట్టుకుని, వైల్డ్ కార్డ్ దారిలో లోపలికి దూరి, ఏకంగా మొట్టమొదటి వరల్డ్ సిరీసే గెలిచారట. సమానమైతే రన్ రేట్ చూడరు, ముఖాముఖి పోటీల్లో ఎవరిది పైచేయో చూస్తారని తెలిసి మామ కొంచెం నిరాశపడ్డాడు. "కాంటా లేని దేశం" అన్నాడు. మేనల్లుడు వెంటనే మ్యాజిక్ నంబర్ చెప్పాడు. ముందున్న జట్టు గెలుపులు, వెంటపడే జట్టు ఓటములు రెండూ కూడి 163లోంచి తీసెయ్యాలి. సున్నా వస్తే సీటు ఖాయం. తీసివేత అనే మాట వినగానే మామ ఫోను గట్టిగా పట్టుకున్నాడు.

"163 ఏందిరా?"

"సీజన్‌కు 162 మ్యాచులు మామా. దానికి ఒకటి కలపాలె."

ఆయన నోట మాట రాలేదు. అత్త వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అవి ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతాయని అడిగింది. మార్చి చివర్లో మొదలైతే సెప్టెంబరు ఆఖరు దాకా అన్నాడు. టైము? మనకు పొద్దున అయిదున్నరకు. అత్త కాసేపు ఆలోచించి, తనకు తెలిసిన ఒక్క దారీ ప్రయత్నించింది.

"వాన పడితే రద్దయితయ్ గద, కొడుకా?"

"కావత్తా. మర్నాడు ఒకే రోజు రెండు మ్యాచులాడుతరు."

"రెండా!" అన్నాడు మామ, చెవిమీద పెన్సిల్ కోసం తడుముకుంటూ.