నడుం నొప్పికి తలకిందుల సలహాలు

నడుం నొప్పి మొదలై మూడు నెలలు దాటి, డాక్టరు చూసి ప్రమాదమేమీ లేదన్నాక, అప్పటిదాకా పాటించిన జాగ్రత్తల్ని చాలావరకు తిరగేయాలి. నేను చెప్పబోయేవి ఇంట్లో పెద్దవాళ్లకు తప్పుడు సలహాల్లాగే వినిపిస్తాయి. అయినా చెబుతాను.

నొప్పి లేని రోజునే పని తగ్గించండి. అన్నిటికంటే కష్టమైంది ఇదే. సంక్రాంతి ముందు ఏ ఇంట్లోనైనా చూడండి. ఓ పొద్దున నడుం తేలిగ్గా ఉంటుంది. ఇవాళే అన్నీ కానిచ్చేద్దామని ఆ ఇల్లాలు బూజు దులుపుతుంది, పరుపులు ఎండలో వేస్తుంది, తడిపిండి జల్లించి పాకం పడుతుంది, అరిసెల చెక్కల మధ్య నూనె ఒత్తుతూ చీకటి పడేదాకా పొయ్యి దగ్గరే ఉంటుంది. మర్నాడు మంచం దిగలేదు. మూడు రోజులు పడుకుని, కాస్త తగ్గగానే మళ్లీ అంతా మీదేసుకుంటుంది. ఇలా పడుతూ లేస్తూ ఉంటే నడుం సత్తువ ఏటికేడూ తగ్గిపోతుంది. పని ఆపాల్సింది నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి. ఇరవై నిమిషాలు నిలబడితే నొప్పి వస్తుందని తెలిస్తే, హాయిగా ఉన్నా సరే పదిహేనుకే కూర్చోండి. వారం గడిచాక రెండు నిమిషాలు పెంచండి. చిక్కుడుకాయల ఈనెలు కుర్చీలో కూర్చునే తీయొచ్చు. బూజుకర్ర మాత్రం మగవాళ్లే అందుకోవాలి. నొప్పితో ఉన్న మనిషి చేత పండగ పేరు చెప్పి చాకిరీ చేయించడం అన్యాయం.

నొప్పి ఉన్నా నడవండి. కొత్తగా దెబ్బ తగిలినప్పుడు నొప్పి హెచ్చరిక. నెలల తరబడి సాగే నొప్పి చాలాసార్లు దొంగ పోయినా మొరుగుడు ఆపని కుక్కలాంటిది. వెన్నుపాములోనూ మెదడులోనూ నరాలు అతిసున్నితంగా మారి, మామూలుగా వంగినా నొప్పి పుట్టిస్తాయి. వెన్నుపాములో ఈ మార్పును క్లిఫర్డ్ వూల్ఫ్ అనే పరిశోధకుడు 1983లోనే ప్రయోగాలతో చూపించారు. కాబట్టి నడిచేటప్పుడు కాస్త నొప్పి పుట్టినంత మాత్రాన లోపల ఏదో తెగిపోతున్నట్టు కాదు. అలాగని నొప్పి కల్పితమూ కాదు. ‘అంతా నీ భ్రమ’ అనే బంధువుల మాట నొప్పికంటే ఎక్కువ బాధపెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేక స్థానమే ఉంది.

ఊరికే మరో ఎమ్మారై తీయించకండి. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, నడుం నొప్పే లేనివాళ్లకు స్కాన్ తీస్తే ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించింది. ‘డిస్కు అరిగింది’ అన్న రిపోర్టు చదివి కదలడమే మానేసినవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అయితే మల మూత్రాలు అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాల్లో బలం తగ్గినా, జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు, డైక్లోఫెనాక్ లాంటివి, నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. వాటిని అలా మింగే జనమే, డాక్టరు నరాల నొప్పికి చిన్న మోతాదులో ఎమిట్రిప్టిలిన్ రాస్తే, ‘ఇది డిప్రెషన్ మందట, నాకేమైనా పిచ్చా’ అని పక్కన పడేస్తారు. అలా మానేయకుండా, ఎందుకు రాశారో డాక్టరునే అడగండి.

ఇక ఇంట్లోవాళ్లకు. పొద్దున్నే ‘నడుం ఎలా ఉంది’ అని అడగడం మానండి. రోజూ అదే అడుగుతుంటే మనిషి ధ్యాసంతా నడుం మీదే ఉంటుంది. ‘అత్తయ్యా, కొట్టుదాకా నడిచొద్దామా’ అని అడగండి. పది నిమిషాలకే చాలంటే, ఇంకాస్త దూరమని బతిమాలకుండా ఆవిడతో పాటు వెనక్కి వచ్చేయండి.