గోరు లేని వేలు

నాకు గోరు లేదు, ఎముక లేదు, చెయ్యి అసలే లేదు. అయినా నేను వేలినే. పారిస్‌లోని ఎకోల్ నార్మాల్ సుపీరియర్‌లో జూలియన్ షైబెర్, జార్జ్ డెబ్రెజా బృందం చేతిలో పుట్టాను. నా ఒంట్లో ఉన్నదల్లా బలాన్ని కొలిచే చిన్న సెన్సరు, దాని మీద రబ్బరు తొడుగు. తొడుగులు రెండు రకాలు: ఒకటి నున్నటిది, రెండోది వేలిముద్రలా సన్నటి గీతలు వరుసగా తీర్చినది.

నా ఉద్యోగం గరుకు తేలిన గాజుపలక మీద జారడం. నున్నటి తొడుగుతో జారితే రకరకాల కంపనాలు కలగాపులగంగా సెన్సరును చేరేవి. గీతల తొడుగు వేసేసరికి వాటిలో ఒకటి మిగతావాటిని మించి లేచేది. అది ఏ కంపనమో చెప్పడం తేలికే: జారే వేగాన్ని గీతల మధ్య ఎడంతో భాగిస్తే చాలు.

అదే లెక్క మీ వేలికి వేసి చూడండి. గీతల ఎడం సుమారు అర మిల్లీమీటరు. ఒక వస్తువును తడిమి చూసేటప్పుడు వేలు సెకనుకు 10-15 సెంటీమీటర్లు జరుగుతుంది. భాగిస్తే సెకనుకు 200-300 కంపనాలు! మీ చర్మం అడుగున, ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఉండే పాసీనియన్ కణికలు బాగా స్పందించేది ఆ కంపనాలకే. వేలు కదపకుండా ఆనించి ఉంచితే ఈ సాయం అందదు. చీరల కొట్లో ఎవరూ గుడ్డ మీద వేలు పెట్టి ఊరుకోరు, రాసి చూస్తారు.

2009లో నా సంగతి ‘సైన్స్’ పత్రికకెక్కింది. గీతలున్నది పట్టు జారకుండా ఉండటానికే అన్న పాత నమ్మకాన్ని అదే ఏడాది మాంచెస్టర్ పరిశోధకులు ప్రశ్నించారు. నున్నటి తలాన్ని తాకినప్పుడు గీతల వల్ల చర్మం ఆనే చోటు మూడో వంతు తగ్గుతుందని వాళ్లు చూపారు. 2021లో స్వీడన్‌లోని ఉమియో శాస్త్రవేత్తలు మనుషుల నరాల సంకేతాలనే నేరుగా నమోదు చేసి, ఒక్కో నరం ఒక గీత వెడల్పంత చిన్న వివరాన్ని కూడా పట్టగలదని తేల్చారు. అలాంటి నరాలు మీ వేలికొనలో ఎన్నో. నాకున్నది ఒక్క సెన్సరు.

అయినా దానికి నేను బాధపడను. నా అసూయంతా మీ సుడుల మీదే. నా గీతలు తిన్ననివి. వాటికి అడ్డంగా జారితేనే ఆ కంపనం లేస్తుంది. గీతల వెంబడి జారితే అవి ఉండీ లేనట్టే. మీ శంఖాలూ చక్రాలూ అలా కాదు, వంపు తిరిగి ఉంటాయి. వేలిని ఎటు జరిపినా ఏదో ఒక చోట గీత అడ్డం పడుతుంది. ముద్రలు సుడులు తిరగడానికి నన్ను చేసినవాళ్లు ఊహించిన కారణం ఇదే.

చక్రాలెన్నో లెక్కపెట్టి రాజయోగం చెప్పేవాళ్లున్నారు. ముద్ర చూసి దొంగను పట్టేవాళ్లున్నారు. ఒకే దిక్కున జారే నన్నడిగితే మాత్రం, ఏ వైపు నుంచి తడిమినా గరుకేదో నునుపేదో తెలియడాన్ని మించిన రాజయోగం లేదు.