భూమి కాలదు

మా పూడూరులో తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లే దారిలో జెరాక్స్ సెంటర్ నడిపే మనిషిని సారు అందామంటే వయసు చాలదు, అన్న అందామంటే మధ్యలో కౌంటర్ అడ్డం. అందుకని జనం రెండూ కలిపి సారన్న అని పిలుస్తారు. ఇంతకీ ఎవరతను అని వెతుక్కునే పని పెట్టుకోకండి. పరిగిలో ఒకడున్నాడు, కొడంగల్‌లో ఒకడున్నాడు, తాండూరులో వీధికొకడున్నాడు. ఉరుముకు పుట్టగొడుగు లేచినట్టు, మండలాఫీసు బోర్డు పడ్డచోటల్లా ఒక సారన్న మొలుస్తాడు.

సారన్నకు రాని పనంటూ లేదు. ఆధార్‌కు ఫోన్ నంబరు కలుపుతాడు, బస్‌పాస్ తీస్తాడు, పెళ్లిపత్రిక కొడతాడు, రైతుకు దరఖాస్తు రాసిపెడతాడు. ప్రింటు పలచగా వస్తే కరెంటు తప్పు. స్కానింగ్ మసకగా వస్తే మీ కార్డు పాతబడిన తప్పు. ఏదీ కాకపోతే సర్వర్ డౌన్. ఇన్నేళ్లలో అతని కౌంటర్‌కు అవతలివైపు తప్పులు లెక్కలేనన్ని జరిగాయి గానీ, ఇవతలివైపు ఒక్కటంటే ఒక్కటి జరగలేదు.

2024 నవంబరులో ఒక పొద్దున, మా అమ్మాయి ఆదాయం సర్టిఫికెట్ కోసం వెళ్లి లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దాయన ఉన్నాడు. సారన్న ఆయన్ని కాకా అంటున్నాడు కాబట్టి మనమూ కాకానే అనుకుందాం. చేతిలో పాలకవరులాంటి ప్లాస్టిక్ కవరు, అందులో పాసుబుక్కు, ఆధార్, రెండు ఫోటోలు. గట్టు తగాదా మీద సర్వే చేయించమని దరఖాస్తు పెట్టుకోవాలి.

సారన్న తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొడతాడు. ఆ పద్ధతిలో 'ఏ' అక్షరం ఒకసారి కొడితే అకారం, రెండుసార్లు కొడితే దీర్ఘం. ఆ పొద్దున అతని కీబోర్డులో సరిగ్గా ఆ ఏ బటన్‌కే పూనకం వచ్చింది. ఒకటి కొడితే రెండు పడుతున్నాయి. ప్రతిసారీ కాదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు. లైన్లో ఉన్నవాడికి ముందువాడి కాగితం చదివే హక్కు మన దేశంలో ఎప్పుడో సంక్రమించింది కాబట్టి నేను భుజం మీదుగా చదివాను. 'మనవి చేసుకొనునది' కాస్తా 'మానవి' అయింది. 'దయతలచి' అన్నది 'దాయతలచి' అయింది. తగాదా దాయాదులతోనే కనుక దాన్ని పూర్తిగా తప్పనలేను. ఆ కిందే 'నా పేర రెండెకరాల పన్నెండు గుంటల భూమి కాలదు' అని ఉంది.

"అన్నా, భూమి కాలదు అని పడింది" అన్నాను.

సారన్న తల తిప్పకుండానే, "భూమి ఎందుకు కాలుతది సార్?" అన్నాడు.

నేను వేలు పెట్టి చూపించాక చూశాడు. చెరిపి మళ్లీ కొట్టాడు. మళ్లీ కాలదు. అప్పుడు కుర్చీ వెనక్కి జరిపి, ఎక్స్‌రే చూసే డాక్టరులా తెరను ఎగాదిగా చూసి, "వైరస్" అన్నాడు.

వైరస్ వెతికే ప్రోగ్రామ్ నలభై నిమిషాలు తిరిగింది. ఈలోగా లైను రోడ్డు మీదికి పెరిగింది. వైరస్ దొరకలేదు. తర్వాత అనుమానం కరెంటు మీదికి పోయింది. ప్లగ్గు పీకి వేరే సాకెట్లో పెట్టాడు. ఆ తర్వాత కాకా మీదికి వచ్చింది. "కౌంటర్ మీద చెయ్యి వెట్టకు కాకా, కదులుతున్నది." ఆ కౌంటర్ రెండంగుళాల తాండూరు బండ. దాన్ని కదిలించాలంటే క్రేన్ రావాలి. కాకా మాత్రం పాపం, దొంగతనం అంటగట్టినట్టు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

లైన్లో చాయ్ తాగుతున్న కుర్రాడొకడు అసలు సంగతి తేల్చేశాడు. "గది కీబోర్డు తప్పు కాదన్నా. దామగుండంల నేవీ రాడార్ వెడ్తున్నరు గదా, గా సిగ్నల్."

లైనంతా అవునవునంది. దామగుండం అడవిలో 2,900 ఎకరాల్లో నౌకాదళం కట్టబోయే కేంద్రానికి రక్షణమంత్రి వచ్చి అక్టోబరు 15న శంకుస్థాపన చేసి అప్పటికి నెల కూడా తిరగలేదు. స్తంభం లేవలేదు, తీగ లాగలేదు. లేచాక కూడా ఆ తరంగాల పని సముద్రం నీళ్ల కింద ఉన్న జలాంతర్గాములతో మాట్లాడటం. అలాంటిదే తమిళనాడులో తిరునల్వేలి దగ్గర 1990 నుంచి పనిచేస్తోంది, అక్కడ ఎవరి దీర్ఘాలూ పెరిగినట్టు వినలేదు. ఆ అడవి గురించి, అందులోని చెట్ల గురించి, రామలింగేశ్వరుడి గుడి గురించి పూడూరు జనానికి నిజమైన దిగుళ్లు చాలా ఉన్నాయి. ఆ పూట మాత్రం దిగులంతా ఏ బటన్ దగ్గరికొచ్చి ఆగింది. సారన్నకు ఈ వాదన ఎంతో నచ్చింది. తప్పు తనది కాకపోవడమే కాదు, ఏకంగా దేశరక్షణ శాఖది అయింది.

సరే, కాకాది పక్కన పెట్టి నా పని చూస్తానన్నాడు. పోర్టల్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాడు. పాస్‌వర్డ్ గడిలో అక్షరాలు కనపడవు, నల్లచుక్కలే. అతని పాస్‌వర్డ్‌లో ఏ ఎన్నిసార్లుందో నాకు తెలియదు గానీ, చుక్కల్లో ఒకటి ఎక్కువ పడ్డ సంగతి అతనికీ తెలియలేదు. తప్పన్నది. మళ్లీ కొట్టాడు, ఈసారి కోపంగా, గట్టిగా. మూడోసారికి ఖాతాకు తాళం పడింది.

"సర్వర్ డౌన్" అని ప్రకటించాడు.

అప్పుడు కీబోర్డును ఎత్తి బోర్లించి, పాలు తాగిన పసిపాపకు త్రేన్పు తెప్పించినట్టు వీపు మీద తట్టడం మొదలుపెట్టాడు. ఉస్మానియా బిస్కెట్ పొడి రాలింది. స్టాప్లర్ పిన్నులు రెండు, ఒక గోరు ముక్క, ఒక కందిపప్పు బద్ద రాలాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ బద్ద ఆ జాతిదో కాదో చెప్పలేను, కానీ వయసు చూస్తే గుర్తింపు రాకముందుదే అనిపించింది.

ఇంత చేసినా ఏ తగ్గలేదు. సారన్న ఆలోచనలో పడ్డాడు. ఆలోచనలో పడితే అతని అరచెయ్యి వచ్చి కుడివైపు షిఫ్ట్ బటన్ మీద వాలుతుంది. ఆ బటన్‌ను ఎనిమిది సెకన్లు నొక్కిపెడితే కంప్యూటర్ కీచుమని ఒక పెట్టె తెరిచి, ఫలానా సదుపాయం కావాలా అని అడుగుతుంది. తెర మీద పెట్టె ఏది వచ్చినా చదవకుండా ఎస్ నొక్కడం సారన్న కులాచారం. నొక్కాడు. అంతే, ఒకటి కొడితే రెండు పడే కీబోర్డు ఇప్పుడు ఎంత కొట్టినా ఒక్కటీ వేయడం మానేసింది. చేతులు వణికేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటది. పొరపాటున తగిలిన వేలును లెక్కచేయదు. బటన్‌ను కాసేపు నొక్కిపట్టుకుంటేనే అక్షరం వేస్తుంది.

షాపులో సాయానికి ఉండే డిగ్రీ పిల్ల, అప్పటిదాకా జెరాక్స్‌లు తీస్తూ నోరు మెదపలేదు, వచ్చి ఆ సదుపాయం ఆపింది. పక్కనే ఇంకో మీట చూపించి, "అన్నా, దీన్ని ఆన్ చేస్తే వెంటవెంటనే పడే రెండో అక్షరాన్ని పట్టించుకోదు" అంది. చేసింది. నిజంగానే కలదు కలదుగా పడింది. లైన్లో చప్పట్లు కొట్టినంత పని చేశారు.

ఆ సంతోషం రెండు వరసలు నిలవలేదు. ఇంగ్లీషువాడికి ఆ వైద్యం కొంతవరకు సరిపోతుందేమో. మన భాషలో జంట లేని మాటేది? 'అయ్యా' అని కొడితే 'అయ' అని పడింది. పట్టా పటమైనా కాకుండా 'పట' దగ్గరే ఆగింది. గట్టు తగాదా 'గటు తగద' అయింది. ప్రతి వత్తుకూ ప్రతి దీర్ఘానికీ ఊపిరి బిగబట్టి ఒక క్షణం ఆగి రెండోది కొట్టాలి. రోగం దీర్ఘాలు పెంచింది, మందు వత్తులతో సహా మింగేసింది. ఆ పిల్ల నాలుక కరుచుకుని దాన్నీ ఆపేసింది.

అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ కాకా గొంతు సవరించుకున్నాడు.

"మా బోరు స్టార్టర్ గిట్లనే కొట్టుకుంటది బిడ్డా. పాయింట్లు ఖరాబైతె బటన్ ఒక్కపాలి వొత్తినా టకటకటక మంటది. ఇప్పి సూడరాదు?"

సారన్న నవ్వాడు. కంప్యూటర్‌ను బోరు మోటారుతో పోల్చిన మనిషిని చూసి చదువుకున్నవాడు నవ్వే నవ్వది. నిజానికి ఆ పొద్దున పూడూరులో వినపడ్డ ఒకే ఒక్క సరైన మాట కాకాదే. బటన్ నొక్కినప్పుడు కింద రెండు తాకుడు స్థలాలు కలుస్తాయి. కలిసేటప్పుడు ఒక్కసారిగా కలవవు, గట్టి నేల మీద గోళీ పడ్డట్టు కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడతాయి. కీబోర్డులో ఉన్న చిన్న చిప్ ఆ ఎగురుడు ఆగేదాకా ఓపికపట్టి ఒక్క అక్షరమే లెక్కేస్తుంది. తాకుడు చోట మురికి పేరుకుంటే, అరిగిపోతే, ఎగురుడు ఆ ఓపికను దాటిపోతుంది. రెండోది కూడా నిజమైన దెబ్బే అనుకుని చిప్ ఇంకో అక్షరం వేస్తుంది. పాత టైప్‌రైటర్ అయితే వేలు దెబ్బకు ఒక్క అక్షరమే. దానికి ఇన్ని అనుమానాలు లేవు.

అసలు చేయాల్సింది సులువు. ఇంకో కీబోర్డు తగిలించి చూస్తే తప్పు కంప్యూటర్‌దా కీబోర్డుదా అన్నది నిమిషంలో తేలిపోతుంది. సారన్నకు ఇది తెలియదనుకోకండి. పక్క షాపువాడి కీబోర్డు పాడైతే మొట్టమొదట చెప్పే సలహా ఇదే.

మధ్యాహ్నం పన్నెండుకు స్క్రూడ్రైవర్ బయటికొచ్చింది. వెనక మరలన్నీ విప్పి, అడుగు రేకు ఎత్తాడు. లోపల పల్చటి ప్లాస్టిక్ పొరలు మూడు, పైన ప్రతి బటన్ కింద బోర్లించిన చిన్న రబ్బరు గిన్నె. పొరల మీద వెండిరంగు గీతలు కాలవల్లా పారుతున్నాయి. ఏ బటన్ దగ్గర ఆ కాలవలు తేనెరంగులో గడ్డకట్టి ఉన్నాయి. డిగ్రీ పిల్ల వేలితో తాకి వాసన చూసింది.

"చాయ్" అంది.

షాపులో ఎవరూ మాట్లాడలేదు. కీబోర్డుకు ఎడమపక్క, ఏ బటన్‌కు జానెడు దూరంలో, తాండూరు బండ మీద గ్లాసు అడుగులు గుండ్రటి మరకలై ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. సారన్న వాటిని చూశాడు. మేమూ చూశాం.

"చక్కెర ఎక్కువేస్తడు వాడు" అన్నాడు సారన్న, హోటల్ వైపు చూస్తూ.

స్పిరిట్ దూదితో తుడిచాడు, ఎండలో పెట్టాడు. బిగించాక ఒక మర మిగిలింది, అది దానికి అవసరం లేదన్నాడు. ఈసారి ఏ బటన్ రెండు కాదు, వేలు తీసినా ఆగకుండా తెర చివరిదాకా ఆఆఆఆ అంటూ పరిగెత్తింది. అప్పుడిక డిగ్రీ పిల్ల వంగి, బల్ల కింద కాగితాల కట్టల వెనక నుంచి ఒక కొత్త కీబోర్డు డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏడాది కిందట కొన్నదట. సీలు కూడా ఊడలేదు.

"ఇది ఉంచుకుని పొద్దున్నుంచి..." అన్నాను.

"అది కొత్తది సార్" అన్నాడు సారన్న. "పాతది ఖరాబైతే వాడుదామని వెట్టిన."

తగిలించాడు. మీదున్న పల్చటి ప్లాస్టిక్ కవరు మాత్రం తీయనివ్వలేదు. ఐదు నిమిషాల్లో దరఖాస్తు ప్రింటయి వచ్చింది. మనవి మనవిగా ఉంది, దయ దయగా ఉంది, భూమి కలదు. కాకా కాగితం నా చేతికిచ్చి, ఆధార్ తీసి పక్కన పెట్టాడు.

"గీ పేరు గా కార్డులున్నట్టే ఉన్నదా, సూడు సారూ."

చూశాను. కార్డు మీద ఇంగ్లీషులో ఆయన పేరు నడుమ ఏ రెండుసార్లుంది. దరఖాస్తులో ఒక్కటే ఉంది.

"ఎన్కట కార్డు దీసినోడు రెండు కొట్టిండు. పాసుబుక్కుల, బ్యాంకుల అంత గట్లనే ఎక్కిచ్చుకున్న. ఒక్కటి తగ్గితె నేను నేను కాదంటరు బిడ్డా."

సారన్న ఏ మీద వేలు పెట్టి కొట్టాడు. ఒక్కటే పడింది. కాసేపు తెర వైపు చూసి, ఏదీ రాకపోయేసరికి, రెండోది తనే కొట్టాడు.

"పొద్దున ఫస్టు కొట్టినప్పుడు రెండే పడ్డయి గద కాకా" అన్నాడు, ప్రింట్ నొక్కుతూ. "నేను చెరుపుతుంటె నువ్వన్న చెప్పొద్దా?"