మీట నొక్కే మహావీరులు

అమెరికా పల్లెల్లో ఇప్పుడు వీరత్వానికి బ్యాటరీలు కావాలి. అర్ధరాత్రి పొలం గట్టున మడత కుర్చీ వేసుకుని, ముక్కాలి స్టాండు మీద తుపాకీ ఆనించి వీరుడు కూర్చుంటాడు. నలభై యాభై గజాల అవతల ఒక స్పీకరు. రిమోట్ నొక్కితే అది గాయపడ్డ కుందేలులా కీచుమంటుంది. పక్కనే మోటారు మీద ఊగే బొచ్చుతోక, కుందేలు గిలగిలా కొట్టుకుంటున్నట్టు. తుపాకీకి బిగించిన థర్మల్ స్కోపులో, కటిక చీకట్లో సైతం, ఒంటి వేడి ఉన్న ప్రతి ప్రాణీ తెల్లగా మెరుస్తుంది. వేల డాలర్ల ఈ సరంజామా అంతా మనుషుల్ని తినే ఏ పులి మీదికో అనుకునేరు. పదీ పదిహేను కిలోలుండే కయోటీ మీదికి! మన నక్కకు దూరపు చుట్టం. ఎలుకలు, కుందేళ్లు, రాలిన పళ్లు, ఏది దొరికితే అది తిని బతికేది.

అరిచేది యంత్రం, ఆశపెట్టేది యంత్రం, చీకట్లో చూసేది యంత్రం. మనిషి వంతుకు మిగిలింది ఒక వేలు. మర్నాడు ఫొటోలో మాత్రం నిండు మనిషే నిలబడతాడు.

అసలు కళ మొదటి గుండు పేలాక బయటపడుతుంది. ఒక కయోటీ కూలగానే వీరుడు ఇంకో మీట నొక్కుతాడు. ఈసారి కయోటీ పిల్ల బాధతో కుయ్యోమనే రికార్డు. పారిపోతున్న రెండోది ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది. పిల్ల మీది మమకారాన్ని ఇలా ఎరగా గుచ్చడానికి అడవి విద్య అని పేరు. ఒకవేళ గురి తప్పితే? తప్పించుకున్న కయోటీ ఆ కూతకు మళ్లీ రాదు. అలాంటివాటిని ‘చదువుకున్న కయోటీలు’ అని వేటగాళ్లే విసుక్కుంటారు. బడి పెట్టింది ఎవరో చెప్పరు. కంపెనీలు మాత్రం పాఠం మారుస్తూ పోతాయి: నిరుడు కుందేలు ఏడుపు, ఈ ఏడు జింకపిల్ల ఏడుపు, పైయేడు వడ్రంగిపిట్ట ఏడుపు.

‘ఇదేం వేటండీ?’ అని అడగడానికి బయటివాళ్లు అక్కర్లేదు, వాళ్ల పెద్దలే అడిగారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో ముందు నిలిచి పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు, జంతువుకు తప్పించుకునే న్యాయమైన అవకాశం ఉంటేనే అది వేట అని సూత్రం పెట్టుకుంది. 1902లో మిసిసిపీలో చెట్టుకు కట్టేసిన ఎలుగును చూపిస్తే, దాన్ని కాల్చడం వేటగాడికి తగదని రూజ్‌వెల్టే వెనక్కి తగ్గాడు. థర్మల్ స్కోపుతో కొట్టిన జంతువు ఎంత పెద్దదైనా ఆ క్లబ్బు రికార్డు పుస్తకంలోకి ఎక్కదు. ప్రభుత్వానికీ విషయం తెలుసు. బాతుల వేటలో రికార్డు చేసిన కూతలు మోగించడాన్ని ఫెడరల్ నిబంధనలు ఒప్పుకోవు. బాతును పిలవాలంటే సొంత నోరైనా ఉండాలి, ఊదే పీకైనా ఉండాలి. బాతుకు దక్కిన ఈ మర్యాద కయోటీకి దక్కదు. టెక్సాస్‌లో దానికి వేట నిషేధ కాలమంటూ లేదు, ఇన్నే చంపాలన్న పరిమితీ లేదు.

ఇలా నిలదీస్తే వీరుడు వెంటనే వేషం మారుస్తాడు. ‘అబ్బే, ఇది ఆట కాదండీ, జనాభా నియంత్రణ’ అంటాడు. సరే, ఆ లెక్కా చూద్దాం.

1931 నాటి చట్టం అండతో అమెరికా ప్రభుత్వం ఈ నియంత్రణను స్వయంగా చేస్తూనే ఉంది. విషాలు పెట్టింది, ఉచ్చులు పన్నింది, హెలికాప్టర్ల నుంచి కాల్చింది. ఇప్పటికీ ఒక్క ఫెడరల్ శాఖ చేతిలోనే ఏటా అరవై వేలకు అటూ ఇటూగా కయోటీలు చస్తున్నాయి. ఫలితం? ఒకప్పుడు పడమటి మైదానాల్లో, ఎడారుల్లో తిరిగిన జంతువు నేడు హవాయి తప్ప ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. తోడేళ్లను మనిషే తుడిచిపెట్టి దానికి దారి ఖాళీ చేశాడు. న్యూయార్కు సెంట్రల్ పార్కులో కనిపిస్తోంది. డాలస్ శివార్లలో మన తెలుగువాళ్లు కాపురాలున్న ఫ్రిస్కో, ప్లానో వీధుల్లోనూ కనిపిస్తోంది.

కారణం జీవశాస్త్రంలో ఉంది. కయోటీల గుంపులో మామూలుగా పెద్ద జంటే పిల్లల్ని కంటుంది. ఆ జంటను కాల్చేస్తే కట్టుబాటు తెగి, మిగిలిన ఆడవి ఈనుతాయి. పోటీ తగ్గి తిండి పెరుగుతుంది కాబట్టి పిల్లలూ ఎక్కువే దక్కుతాయి. తలకొన తుంచిన బంతిమొక్క పక్కకొమ్మలేసి గుబురైనట్టే ఇది. 1975లో కానలీ, లాంగ్‌హర్స్ట్ అనే కాలిఫోర్నియా పరిశోధకులు లెక్కగట్టి చూశారు. ఏటా 70 శాతాన్ని చంపినా ఈ జాతి తట్టుకుంటుంది. 75 శాతం చొప్పున చంపుతూ పోతే పూర్తిగా పోవడానికి యాభై ఏళ్లు పైనే పడుతుంది. శనివారం రాత్రి రెండు కయోటీలు కొట్టి ‘బ్యాలెన్సు నిలబెట్టాను’ అనేవాడు ఈ లెక్క ఒకసారి చూడాలి.

రాష్ట్ర ప్రభుత్వాల పాండిత్యమూ తక్కువేం కాదు. మ్యూల్ జింకల్ని కాపాడతామంటూ యూటా 2012 నుంచి కయోటీ తలకు 50 డాలర్లు కడుతోంది. కింది దవడ, చెవులు రసీదుగా తెచ్చివ్వాలి. జార్జియా 2017లో కయోటీలు చంపినవాళ్ల పేర్లతో లాటరీ తీసింది. బహుమతి ఏమిటంటే, జీవితకాలపు లైసెన్సు! రోగం త్వరగా తగ్గుతుందని నమ్మే వైద్యుడెవడూ ఇలాంటి చీటీ రాయడు.

గొర్రెలు పెంచేవాళ్ల బాధ మాత్రం నిజమైనదే. గొర్రెపిల్లల్ని కయోటీలు ఎత్తుకుపోతాయి, ఆ నష్టం చిన్నదేం కాదు. కానీ ఆ రైతుకు కావలసింది మంద మీద పడ్డ కయోటీ ఆట కట్టడం. స్పీకరు పిలిచేది దొంగను కాదు, ఏడుపు విని నమ్మినదాన్ని. ఏ మందనూ ముట్టకుండా తన మేర కాసుకుంటున్న జంటను చంపితే, ఆ ఖాళీలోకి వచ్చేది ఎలాంటిదో ఎవరికెరుక? అందుకే తెలివైన రైతు కాపలా కుక్కను నమ్ముకుంటాడు. దానికి రిమోట్ ఉండదు.

చీకట్లో తెల్లగా మెరిసేదంతా కయోటీ కాదన్నది ఇంకో చిక్కు. నార్త్ కరోలినాలో అప్పటికి వంద లోపో పైనో మిగిలిన ఎర్ర తోడేళ్లలో కొన్ని, కయోటీలనుకుని కాల్చిన తుపాకులకు బలయ్యాయి. వ్యవహారం కోర్టుకెక్కాక, 2014లో ఆ తోడేళ్లుండే అయిదు కౌంటీల్లో కయోటీల రాత్రి వేట ఆపాల్సి వచ్చింది. ఒకదాన్ని తగ్గిస్తామని బయల్దేరి, అది తగ్గకపోగా, నిజంగా తగ్గిపోతున్నదాన్ని ఇంకాస్త తగ్గించిన నియంత్రణ ఇది.

ఈ లెక్కలన్నీ ముందు పెడితే వీరుడు మళ్లీ మొదటికొస్తాడు: ‘లెక్కలెందుకండీ, ఇది మా సరదా, మా సంప్రదాయం.’ వేటగా తూచబోతే నియంత్రణ అవుతుంది, నియంత్రణగా కొలవబోతే వేట అవుతుంది. పట్టుకోబోతే జారిపోయే తెలివిలో కయోటీ ఇతని ముందు దిగదుడుపే.

ఏదో ఒకటి తేల్చుకోమనండి. వేటే అయితే రిమోట్ కింద పెట్టి, పగటి వెలుగులో సొంత కాళ్ల మీద వెళ్లాలి. నియంత్రణే అయితే, ఏ కౌంటీలో ఎన్ని తగ్గాయో, ఎన్ని గొర్రెలు మిగిలాయో కాగితం మీద చూపాలి. రెండూ కుదరకపోతే, ‘చంపడం మాకిష్టం’ అని తేటగా ఒప్పుకోవాలి. ఆ ఒక్క మాటకైనా స్పీకరు అక్కర్లేదు, సొంత నోరు సరిపోతుంది.